కత్తి ఒరలో ఉన్నప్పుడు కాంతారావును ఎలా చూడాలి

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ చిన్న పని చేయండి. అన్నం తిని కూర్చున్నాక, ఏ సంబంధమూ లేకుండా, ‘కాంతారావు’ అని ఒక్క మాట అనండి. వాళ్ల చెయ్యి గాల్లో ఒక తిప్పు తిరుగుతుంది. కొందరైతే నోటితో ‘టింగ్ టింగ్’ అని శబ్దం కూడా చేస్తారు. తిరుపతిలో మా వీధిలో నేను నలుగురి మీద ప్రయోగించాను, ముగ్గురు కత్తి తిప్పారు. నాలుగో ఆయన తంబుర మీటాడు. ఆయనకు నారదుడు గుర్తొచ్చాడు.

మిగతా అంతా ఎవరికీ గుర్తు లేదు. నాలుగు వందలకు పైగా సినిమాలు చేసిన మనిషి చివరికి ఒక కత్తి, ఒక తంబుర అయిపోయాడు. ఆయన జానపదాలంటే ఇష్టపడేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం ఆయన బలం కత్తిలో లేదనిపిస్తుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వినడంలో ఉంది. దాన్ని మీ కళ్లతో మీరే పట్టుకోవాలంటే ఏం చేయాలో చెప్తాను. ఐదారు రాత్రుల పని. వరుసగా కాకపోయినా పర్వాలేదు, శనివారానికొకటి పెట్టుకున్నా రెండు నెలల లోపు అయిపోతుంది.

తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. తాడేపల్లి లక్ష్మీ కాంతారావు 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. నాటకాల నుంచి మద్రాసు చేరి, మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన హెచ్.ఎం.రెడ్డి చేతుల మీదుగా సినిమాల్లోకి వచ్చారు. 1951లో ‘నిర్దోషి’లో చిన్న వేషం, 1953లో ‘ప్రతిజ్ఞ’లో హీరో. ఆ ‘ప్రతిజ్ఞ’తోనే విలన్ రాజనాల కూడా వచ్చాడు. అంటే తర్వాత పదిహేనేళ్లు మెట్ల మీద కత్తులు దూసుకున్న ఇద్దరూ ఒకే సినిమాలో మొదలయ్యారన్నమాట. 2009 మార్చి 22న హైదరాబాదులో పోయారు.

ముందు టీవీని సరిచేయండి

నవ్వకండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలు చిత్తూరు నుంచి వచ్చారు. వాళ్లకు చూపిద్దామని ఒక జానపదం పెట్టాను. కాంతారావు తెర మీదికి రాగానే పెద్దోడు, ‘ఏం మామా, రాజకుమారుడు ఇంత లావున్నాడు?’ అన్నాడు. చిన్నది పడీ పడీ నవ్వింది. ఆ రాత్రి అంతటితో సరి.

రాజకుమారుడు లావు లేడు, నా టీవీ సాగదీసింది. ఆ కాలం సినిమా బొమ్మ దాదాపు చతురస్రంగా ఉంటుంది, నాలుగు వెడల్పుకు మూడు ఎత్తు. మన టీవీలు పదహారుకు తొమ్మిది. పక్కల ఖాళీ ఉండకూడదని కొన్ని టీవీలు బొమ్మను అటూ ఇటూ లాగేస్తాయి. రిమోట్‌లో పిక్చర్ సైజ్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. అక్కడికి వెళ్లి ‘ఒరిజినల్’ అన్నదో, 4:3 అన్నదో పెట్టండి. పక్కన రెండు నల్ల పట్టీలు వస్తాయి. అవే కావాలి. యూట్యూబులో కొందరు ముందే సాగదీసి పెట్టేస్తారు, వాటికి మన రిమోట్ ఏమీ చేయలేదు. ఇంకో కాపీ వెతుక్కోవడమే. ఎలా కనిపెట్టాలంటే, తెర మీద రథచక్రమో డాలో పళ్లెమో కనిపించే దగ్గర ఆపండి. అది గుండ్రంగా ఉంటే మంచి కాపీ, కోడిగుడ్డులా ఉంటే వదిలేయండి.

అలాగే టీవీలో బొమ్మను నున్నగా చేసే సెట్టింగు, మోషన్ స్మూతింగో ఇంకో పేరో, ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది ఉంటే కత్తియుద్ధం మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. సౌండు బార్ ఉంటే బేస్ బాగా తగ్గించండి, లేకపోతే గుయ్యిమని మోత తప్ప మాట వినపడదు.

వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరులో ‘త’ దగ్గర హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి కొట్టండి. వేర్వేరు సినిమాలు బయటపడతాయి. పేరుతోపాటు సంవత్సరం కూడా కొట్టండి. ఉత్తి ‘ప్రతిజ్ఞ’ అంటే మన జిల్లా మోహన్‌బాబు 1982లో తీసిన ‘ప్రతిజ్ఞ’ వచ్చి కూర్చుంటుంది. అదీ చూడండి, కానీ ఇంకో రోజు.

మొదటి రాత్రి: కత్తి సినిమానే పెట్టండి

కత్తి వద్దని చెప్పి మళ్లీ కత్తి సినిమా ఏమిటంటారా? తెలిసిన కాంతారావు ఎవరో ముందు సరిగ్గా తెలిస్తేనే తెలియని కాంతారావు కనిపిస్తాడు. బి.విఠలాచార్య తీసిన ‘గురువును మించిన శిష్యుడు’ (1963) గానీ, ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) గానీ పెట్టుకోండి. రెండింటిలోనూ కృష్ణకుమారి పక్కన ఉంటుంది. ఉడకేసిన శెనక్కాయలు ఒక గిన్నెడు దగ్గర పెట్టుకోండి. ఈ సినిమాలకు పాప్‌కార్న్ అతకదు.

విఠలాచార్యది ఉడుపి దగ్గర ఉద్యావర. కన్నడంలో తీసి తీసి తెలుగులోకి వచ్చాడు. తక్కువ డబ్బులో, తక్కువ రోజుల్లో సినిమా ముగించడంలో ఆయన్ను కొట్టినవాడు లేడు. ఆయన సినిమాలో డబ్బు దగ్గర పేచీ పెట్టిన నటుడు మర్నాటికి చిలకో మేకో అయిపోతాడని పాత జోకొకటి ఉంది. ఇలాంటి సినిమాలను బీ, సీ సెంటర్ల సరుకని పెద్దవాళ్లు తీసిపారేసేవాళ్లు. ఆ సరుకే టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టు జనాన్ని ఏళ్ల తరబడి కూర్చోబెట్టింది.

వీటిని ఇప్పటి సినిమా చూసినట్టు చూస్తే పది నిమిషాల్లో మీ చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. మన ప్రాంతం వాళ్లకు ఇంకో దారి ఉంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి వేషం కట్టినాయన నిజంగానే తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు మట్టితో కట్టిన దుర్యోధనుడు మైదానమంతా పడుకుని ఉంటాడు. ఆ భుజకీర్తులు చెక్కవని మనకు తెలియదా? కిరీటంలో మెరిసేది అద్దం ముక్కని తెలియదా? అయినా భీముడు గద ఎత్తగానే వెనక వరసలోంచి కూడా జనం లేచి నిలబడతారు. తిరుపతి గంగమ్మ జాతరలో దొర వేషం రోజు పాలెగాడి కథ ఎట్లా ముగుస్తుందో ఊళ్లో ప్రతి పిల్లోడికీ తెలుసు. తెలిసినా ఏటా వెళ్లి తోసుకుంటూ చూస్తాం. ఆ కళ్లు పెట్టుకుని కూర్చోండి. అట్టకోట అట్టకోటగానే కనిపించనీయండి, దాన్ని పట్టుకున్నామని సంబరపడొద్దు. ఎవరైనా పట్టుకోగలరు.

సంబరపడాలనుకుంటే ట్రిక్కులు ఎలా చేశారో పట్టుకోండి, అందులో అర్థముంది. మాంత్రికుడు మాయమయ్యేటప్పుడు కెమెరా ఆపుతారు, ఆయన పక్కకు తప్పుకుంటాడు, మిగతావాళ్లు కదలకుండా నిలబడితే మళ్లీ తిప్పుతారు. అలాంటి చోట ఆపి ఆపి చూడండి, పక్కన నిలబడ్డ భటుడి తల వీసమెత్తు కదిలి దొరికిపోతాడు. ఎగిరి చేతిలోకి వచ్చే కత్తిని ముందు చేతిలోంచి విసిరేసి ఫిల్మును వెనక్కి తిప్పుతారు. ఒకే మనిషి ఇద్దరుగా కనిపించాలంటే లెన్సుకు సగం మూసి ఒకసారి, ఫిల్మును వెనక్కి చుట్టి రెండో సగం మూసి ఇంకోసారి తీస్తారు. కత్తియుద్ధాల్లో మరీ హడావిడి కనిపిస్తే, సెకనుకు 24 బొమ్మలు తీయాల్సిన చోట తక్కువ తీసి మామూలు వేగంతో వేశారన్నమాట.

ఇక యుద్ధం వచ్చినప్పుడు కత్తిని చూడకండి. కాళ్లు చూడండి. ఊళ్లో కర్రసాము నేర్చినవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లు మీకన్నా ముందే చెప్తారు. కాంతారావు వెనక్కి అడుగు వేసేటప్పుడు కూడా మడమ చూసుకోడు, మెట్టు ఎక్కడుందో వీపుకు తెలిసినట్టే వెనక్కి పోతాడు. రాజనాల ఎక్కువగా భుజం బలంతో తోస్తాడు, ఈయన మణికట్టుతో తప్పిస్తాడు. ఇంకోటి కూడా గమనించండి. షాటు ఎంతసేపు కట్ కాకుండా నడుస్తోందో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఈ రోజుల్లో ఫైట్‌లో రెండంకెలు లెక్కపెట్టేలోపు నాలుగు కట్లు పడతాయి. ఇక్కడ మనిషి నిలువునా, కాళ్లతో సహా కనిపిస్తూ నడుస్తుంది. చేతకానివాడికి దాక్కునే చోటు లేదు.

మా ఇంట్లో ఒక విచిత్రం చెప్పాలి. మా అవ్వకు ఎనభై రెండు. కాంతారావంటే ప్రాణం. కానీ కత్తియుద్ధం మొదలవగానే కునుకు తీస్తుంది. ‘ఏమవ్వా, అసలైంది వచ్చినప్పుడు పడుకుంటావు?’ అంటే, ‘ఎట్లా ఆయప్పే గెలుస్తాడు గదరా, దాన్నేం చూసేది!’ అంది. యుద్ధం అయిపోయి, ఎవరో వచ్చి ఏదో చెప్తుంటే ఆయన నిలబడి వినే చోట మళ్లీ కళ్లు తెరిచేది. నాకు ఈ దారి పట్టించింది ఆ కునుకే.

రెండో రాత్రి, మూడో రాత్రి: 1963 ఒక్క ఏడాది

ఇక్కడ తొందరపడకండి. ఈ వ్యాసంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే కాబట్టి మీకూ ఎక్కువ సమయం అడుగుతున్నాను.

1963లో వచ్చిన నాలుగు సినిమాలు తీసుకోండి. జనవరిలో కె.వి.రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’, అందులో కాంతారావు నారదుడు. మార్చి 29న ‘లవకుశ’, అందులో లక్ష్మణుడు. అక్టోబరులో ‘నర్తనశాల’, అందులో కృష్ణుడు. అదే ఏడాది మీరు నిన్న చూసిన ‘గురువును మించిన శిష్యుడు’లో రాజ్యాలు గెలిచే వీరుడు. నాలుగూ మొత్తం చూడనక్కర్లేదు. ఆయన వచ్చే సీన్లు మాత్రం వెతికి, ఒకదాని తర్వాత ఒకటి వేసుకోండి. రెండు రాత్రులకు సరిపోతుంది.

నారదుడితో మొదలుపెట్టండి. తగువు పెట్టి తప్పుకునే వేషం కదా, ఎవరు వేసినా కొంచెం వెకిలితనం రావడం సహజం. ఈయన నారదుడికి అది రాదు. మాట చెప్పేసి, ఎదుటివాళ్ల ముఖంలో ఆ మాట ఎక్కడ తగిలిందో చూస్తూ నిలబడతాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగుతుంది. సౌండు పూర్తిగా తీసేసి ఒకసారి చూడండి, ఆ ఆగడం బాగా తెలుస్తుంది. ఎన్టీఆర్ దర్శకత్వం వహించిన ‘సీతారామ కల్యాణం’ (1961)లో కూడా నారదుడు ఈయనే. ఓపిక ఉంటే అదీ పక్కన పెట్టి పోల్చుకోండి. అక్కడ ఎదురుగా ఉన్నది ఎన్టీఆర్ వేసిన రావణుడు, ఇక్కడ ఎన్టీఆర్ వేసిన కృష్ణుడు. నారదుడి వినయం రెండు చోట్లా ఒకలా ఉండదు.

తర్వాత ‘నర్తనశాల’. దీన్ని తొమ్మిది నెలల తేడాలో ఊహించుకోండి. జనవరిలో ఎన్టీఆర్ కృష్ణుడి ముందు తంబుర పట్టుకుని నిలబడ్డ మనిషి, అక్టోబరులో ఎన్టీఆర్ అర్జునుడి ముందు కిరీటం పెట్టుకుని కృష్ణుడిగా నిలబడాలి. ఇంటింటా క్యాలెండర్ల మీద కృష్ణుడంటే ఎన్టీఆరే అయిపోయిన రోజులు. ఇంకొకరైతే ఎన్టీఆర్‌ను అనుకరించేవాళ్లు, లేకపోతే భయపడేవాళ్లు. కాంతారావు రెండూ చేయలేదు. చిన్న వేషమే. నాకు చాలా తెలివైన పనిగా కనిపించేది ఏమిటంటే, ఆ చిరునవ్వు జోలికి ఎక్కువ పోకుండా కృష్ణుడిని ఇంటి పెద్దమనిషిలా, బంధువులా వేశారు. రెండేళ్ల తర్వాత ‘పాండవ వనవాసం’లో ఎన్టీఆర్ భీముడైతే కృష్ణుడు మళ్లీ ఈయనే. పిలిచి ఇచ్చారంటే పని నచ్చిందనే కదా.

లక్ష్మణుడిని చివరికి ఉంచండి. ‘లవకుశ’ గురించి కొత్తగా చెప్పేదేముంది, పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా, బండ్లు కట్టుకుని జనం పోయిన సినిమా. అందరికీ రాముడు, సీత, ఇద్దరు పిల్లలు గుర్తుంటారు. మీరు మాత్రం సీతమ్మను అడవికి తీసుకుపోయే ఘట్టం దగ్గర ఆగండి. ‘ఏ నిమిషానికి ఏమి జరుగునో’ పాట ఉన్న భాగం. ఆమెకు విషయం తెలియదు. ఆశ్రమాలు చూడబోతున్నానని సంతోషంగా ఉంది. విషయం తెలిసినవాడు ఆయనొక్కడే. చెప్పకూడదు, చెప్పక తప్పదు. కళ్లెత్తి ఆమెను చూడలేడు, చూడకపోతే ఆమెకు అనుమానం వస్తుంది. అక్కడ కాంతారావు ముఖం మీద నుంచి కన్ను తీయకండి. ఏడుపు కాదు, గొంతు దగ్గర ఏదో మింగుతున్న కదలిక. కత్తి వీరుడిగా పేరుపడ్డ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడతాడు.

ఇది చూశాక మొదటి రాత్రి సినిమాలో వీరుడు గురువు మాట వినే సీను ఒకటి మళ్లీ వేసుకోండి. అదే మెడ వంపు, అదే వినడం. విఠలాచార్య సెట్టులో కూడా ఈయన ఒక్కడే లవకుశలో ఉన్నంత నిజంగా ఉన్నాడని అప్పుడు తెలుస్తుంది. చుట్టూ ఉన్నది అట్ట కాబట్టి మనం ఆయన్ను కూడా అట్ట కింద జమ కట్టాం.

మా అవ్వ ఈ రెండు రాత్రులూ కునుకు తీయలేదు.

నాలుగో రాత్రి: పక్క మనిషిగా

ఇప్పుడు ఇద్దరు హీరోల సినిమా ఒకటి చూడాలి. ‘జయసింహ’ (1955)లో ఎన్టీఆర్‌కు తమ్ముడు విజయసింహ వేషం ఉంది. వహీదా రెహమాన్ హిందీకి పోకముందు తెలుగులో కనిపించిన సినిమా అని దీన్ని చాలామంది చూస్తారు. ‘చిక్కడు దొరకడు’ (1967) ఇంకా సరదాగా ఉంటుంది, విఠలాచార్యే, ఎన్టీఆర్, కాంతారావు పోటాపోటీగా. అదే ఏడాది ‘ఇద్దరు మొనగాళ్లు’లో పక్కన కుర్ర కృష్ణ. పిల్లలు ఇంట్లో ఉంటే ‘చిక్కడు దొరకడు’ పెట్టండి, వాళ్లు లేచిపోరు.

పిల్లలు లేని రాత్రి మాత్రం ‘ఏకవీర’ (1969). విశ్వనాథ సత్యనారాయణ నవల, మదుర నాయకరాజుల కాలం కథ. మాటలు సి.నారాయణరెడ్డివి. ఇద్దరు స్నేహితులు. ఒకడు ప్రేమించిన అమ్మాయి రెండోవాడికి భార్య అయింది, రెండోవాడు ప్రేమించిన అమ్మాయి మొదటివాడికి. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. రాచ దుస్తులున్నాయి, కోటలున్నాయి, కత్తులూ ఉన్నాయి. కానీ కత్తితో తీరేది ఒక్కటీ లేదు. కాంతారావుకు ఇంతకన్నా తగిన వేషం నేను చూడలేదు.

అందులో ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’ పాట విడిగా రెండుసార్లు చూడండి. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసింది. ఎన్టీఆర్‌కు ఘంటసాల, కాంతారావుకు అప్పుడప్పుడే వచ్చిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. మొదటిసారి కళ్లు మూసుకుని వినండి. పెద్దాయన గొంతు పక్కన కుర్రాడి గొంతు ఎంత ఒద్దికగా నడుస్తుందో వినండి. రెండోసారి కళ్లు తెరవండి. తెర మీద కూడా అదే జరుగుతోంది.

ఐదో రాత్రి: పంచె కట్టులో

ఒక్క సాంఘికమైనా చూడకుండా వదలొద్దు. ‘శాంతి నివాసం’ (1960) తేలిగ్గా దొరుకుతుంది. అక్కినేని హీరో, కాంతారావు ఆయనకు అన్న. సూర్యకాంతం ఉందంటే ఆ ఇంట్లో శాంతి ఎంతో మీకు తెలుసు. తండ్రిగా మన చిత్తూరు నాగయ్య ఉన్నారు. మన అంటున్నాను గానీ ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో వచ్చిన పేరే ఇంటిపేరు అయిపోయింది. సొంతూరి కన్నా నాటకం ఆడిన ఊరు గట్టిగా పట్టుకుంది.

ఈ సినిమా గొప్పదని చెప్పను, సాగుతుంది. మీరు చూడాల్సింది ఒక్కటే. కిరీటం, కత్తి, జరీ ఏమీ లేని మామూలు సంసారి వేషంలో ఈ మనిషి నిలబడగలడా? రాజకుమారుడి ఠీవి భుజాల్లోంచి దించగలిగాడా? నాకు సగం సగం అనిపించింది. కొన్ని చోట్ల కుర్చీలో సింహాసనంలో కూర్చున్నట్టే కూర్చుంటాడు. మీకెలా అనిపిస్తుందో మీరే చూసుకోండి. అభిమానం కొద్దీ అన్నీ బాగున్నాయనుకుంటే చూడ్డం అనవసరం.

ఆయన డబ్బు పెట్టిన సినిమాలు

దీనికి రాత్రి లెక్క లేదు, వీలున్నప్పుడు. జానపదాల వేడి తగ్గే కాలంలో భార్య హైమావతి పేరు మీద హైమా ఫిలిమ్స్ పెట్టి సొంతంగా సినిమాలు తీశారు. ‘సప్తస్వరాలు’, ‘గండర గండడు’, రెండూ 1969. అంటే ‘ఏకవీర’ వచ్చిన ఏడే. నిర్మాతగా నష్టపోయారు, ఆస్తులు పోయాయి, చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలతో బండి లాగించారు. ఇంత తెలిశాక ‘సప్తస్వరాలు’ చూడండి. నిర్మాత తానే అయినప్పుడు మనిషి ఏ వేషం కోరుకుంటాడో తెలుస్తుంది. కత్తి తిప్పి డబ్బు సంపాదించినాయన సంగీతం పేరున్న కథ మీద ఆ డబ్బు పెట్టాడు.

చదివే అలవాటుంటే ఆయన ఆత్మకథ ‘అనగనగా ఒక రాకుమారుడు’ దొరికితే వదలకండి. సినిమాలు చూశాకే చదవండి. ముందే చదివితే ప్రతి సీనులో ఆయన కష్టాలే కనిపిస్తాయి, నటన కనిపించదు.

చివరగా ఒక ఆదివారం

పొద్దున్నే చంద్రగిరి కోటకు పోండి. తిరుపతి నుంచి బస్సులో అరగంట ప్రయాణం. రాజమహల్ ముందు నిలబడితే ఒక సంగతి తడుతుంది, అసలు కోటలో మెట్లు ఇరుకు. కత్తి తిప్పడానికి చోటే ఉండదు. వెడల్పు మెట్లు, మధ్యలో మలుపు, పట్టుకుని ఊగడానికి తెర, ఇవన్నీ మద్రాసు స్టూడియోల్లో వడ్రంగులు కాంతారావు కోసం, రాజనాల కోసం కట్టిన సౌకర్యాలు. రాజులకు అంత అదృష్టం లేదు.

మా అవ్వను కూడా ఆటోలో తీసుకుపోయాను. లోపలికి నడవలేక గడ్డి మీద చెట్టు కింద కూర్చుంది. మహల్‌ను చాలాసేపు చూసి, ‘ఇది చిన్నదిరా, సినిమాలోదే బాగుండె’ అంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, ఈ వారం ఏం పెడతావని అడిగింది. జ్వాలాద్వీపం మళ్లీ పెడతానన్నాను.

‘పెట్టు. యుద్ధం అయిపోయినాక లేపు’ అంది.